2019లో కట్టిన రేకుల గోదాం ఇప్పుడెలా ఉంది

పరకాల దగ్గర మా ఊరి చివర కొత్తిల్లు కట్టుకున్నప్పుడే దాని పక్కన వాయవ్యం మూలకు ఒక గోదాం కూడా లేపాం. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ఇనుప పైపుల ఫ్రేమ్, 4 అడుగుల దాకా ఇటుక గోడ, ఆపైన 0.5 మి.మీ. కలర్ రేకు. నడుమ ఎత్తు 14 అడుగులు. వడ్లు, పత్తి, మక్కలు, ఎరువులు, కొద్ది రోజులు మిర్చి, అన్నీ ఇందులోనే పెడుతున్నాం. కట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది రేకు ఏ కంపెనీది అని. నేను మాత్రం ముందు నేల సంగతే చెబుతాను. మా ఖర్చులో మూడో వంతు దాకా నేలకే పోయింది, ఆ పెట్టుబడే మమ్మల్ని కాపాడింది.

మాది రేగడి భూమి. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే రెండేళ్లలో పగుళ్లు ఖాయం. అందుకే పై మట్టి తీయించి మొరం పోయించాం. ఒక్కసారే గుట్టగా కాకుండా పొరలు పొరలుగా పోసి, నీళ్లు కొట్టి, రోలర్ తిప్పించాం. ఇక చాలనుకున్న దశలో మేస్త్రీ మా బాపును ఆపి, "కాకా, ఇంకో రెండు ట్రాక్టర్లు పోయించుండ్రి, రోడ్డు కన్నా మూడడుగులు లేవాలె" అన్నాడు. పోయించాం. కాంక్రీటు కింద మందపాటి పాలిథిన్ కవర్ కూడా పరిచాం. భూమిలోని చెమ్మ పైకి రాకుండా ఆపేది అదే.

2023 జూలై వానలు మా వైపు ఎవరూ మరిచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మి.మీ. పడింది. భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు వాగు నీళ్లలో మునిగింది. మా రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు పారాయి. గోదాంలో అప్పుడు యూరియా, డీఏపీ బస్తాలు, తిండి వడ్లు ఉన్నాయి. మెట్ల దాకా వచ్చిన నీళ్లు లోపలికి రాలేదు. 2025 అక్టోబరులో మోంథా తుఫాను వచ్చినప్పుడు కల్లాల మీద వడ్లు తడిసి ఎంతోమంది ఏడ్చారు. అప్పటికి మేం ఏరి తెచ్చిన పత్తి లోపలే పొడిగా ఉంది.

పత్తి విషయంలోనే ఈ గోదాం విలువ నాకు బాగా తెలిసింది. పాత పెంకుటింట్లో పత్తి ఏరే రోజులొస్తే నడింట్లో గుట్ట పోసేవాళ్లం, మేం వాకిట్లో పడుకునేవాళ్లం. పిల్లలకు ఒళ్లంతా దురద, దద్దుర్లు. ఇల్లు ఖాళీ అయితే చాలని వచ్చిన ధరకే అమ్మేసేవాళ్లం. ఇప్పుడు ఆ తొందర లేదు. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ పూర్తి ధర ఇచ్చేది తేమ 8 శాతం మించకుంటేనే. ఆపైన ఒక్కో శాతానికి ధర కోస్తారు, 12 దాటితే కొననే కొనరు. మంచులో ఏరిన పత్తిని ఎండబోసి, లోపల గాలి తగిలేలా పలచగా పరిచి, ఆరాక వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలుతున్నాం. వడ్లకూ ఇదే మాట. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాకా తీసుకుంటారు కానీ, నెలల తరబడి ఇంట్లో నిలవ చేసేవి 14 లోపు ఉండాలి. లేకుంటే బస్తా నడుమ వేడెక్కి బూజు పడుతుంది.

మిర్చికి మాత్రం రేకుల గోదాం పనికిరాదని గట్టిగా చెబుతాను. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన చపాటా మిర్చికి రంగే ధర. రేకు కింద వేడికి ఆ రంగు పోతుంది. రెండు వారాలకు మించి ఉంచకుండా కోల్డ్ స్టోరేజీకి పంపుతాం.

ఇక పైకప్పు. మేలో మధ్యాహ్నం లోపల నిలబడలేం. పైన పెట్టిన రెండు టర్బో ఫ్యాన్లు కరెంటు లేకుండానే తిరిగి వేడిని లాగేస్తాయి, అయినా చాలవు. పడమటి వైపు రేకు కింద ఫాయిల్ షీట్ వేయించాక బాగా తేడా వచ్చింది. ఎవరూ చెప్పని ఇబ్బంది చలికాలంలో ఉంది: తెల్లవారుజామున రేకు అడుగున చెమ్మ పట్టి బస్తాల మీద చుక్కలు పడతాయి. గోడల పైభాగాన ఎదురెదురుగా జాలీలు ఉంటే చాలా వరకు తగ్గుతుంది. బస్తాలను చెక్క దిమ్మెల మీద, గోడకు మూరెడు ఎడంగా పేర్చుతాం, పైన మూడడుగులు ఖాళీ వదులుతాం.

సిమెంటు రేకులు వేయకపోవడానికి కారణం కోతులు. మా పక్కింటి కొట్టం మీద అవి దూకి దూకి రేకులన్నీ పగిలాయి. మా రేకు సొట్టలు పడింది, పగల్లేదు. ఏప్రిల్‌లో వచ్చే గాలి దుమారాలకు కూడా ఒక్క రేకు లేవలేదు. స్క్రూలు రేకు గట్టు మీద కొట్టాలి, కాలువలో కాదు. వాటి కింది రబ్బరు వాషర్లు నాలుగైదేళ్లకు గట్టిపడి చిట్లుతాయి, అక్కడే ఉరుస్తుంది. మేం మిరుగుకు (మృగశిర కార్తెకు) ముందే మనిషిని పైకెక్కించి చూపిస్తున్నాం, పాడైనవి మార్చేస్తున్నాం.

నాకు నచ్చనిది షట్టర్. పట్టణంలో ఒక వెల్డింగ్ షాపులో చేయించాం, రెండో ఏడే స్ప్రింగు తెగింది. అడుగున సందులోంచి ఎలుకలు దూరాయి. దాన్ని తీసేసి, కింద ఇనుప పట్టీ వేసిన రెండు రెక్కల తలుపు పెట్టించాం. వెడల్పు 10 అడుగులు, ట్రాక్టర్ ట్రాలీ వెనక్కి నేరుగా వస్తుంది. పత్తి ఉండే చోట కరెంటు వైరు అసలు పెట్టొద్దు. మా లైటు బయట గోడకు ఉంది, రాత్రి పని పడితే బ్యాటరీ లైటు తీసుకెళ్తాం. పురుగు మందుల డబ్బాలకు లోపల చోటు లేదు, బయట తాళం వేసే ఇనుప పెట్టె ఉంది.

20 అడుగుల వెడల్పు ఇప్పుడు ఇరుకవుతోంది. మక్కలు, వడ్లు ఒకేసారి వస్తే ట్రాక్టర్ ఎండలో నిలబడుతోంది. ఈ ఏడు తూర్పు గోడకు ఆనించి 10 అడుగుల వసారా దించుతున్నాం. దానికి మొరం ఇప్పటికే పోయించాం.