ఎర్ర బ్యాటరీ లైటు వెలిగిందని వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి

హైదరాబాద్‌లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ ఈ విషయం తెలియాలని రాస్తున్నాను. బండి నడుస్తుండగా డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగితే, బ్యాటరీకి చార్జింగ్ సరిగా అందడం లేదని దాని అర్థం. బ్యాటరీయే పాడైందని కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్ల నేను పదహారు నెలలు మాత్రమే వాడిన మంచి బ్యాటరీని 900 రూపాయలకు వదిలేసి, 6,200 రూపాయలతో అక్కర్లేని కొత్త బ్యాటరీ కొన్నాను.

ఆ సాయంత్రం అమ్మను శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకువస్తూ ఆరాంఘర్ దగ్గర పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. వాన గట్టిగా పడుతోంది. వైపర్లు, హెడ్‌లైట్లు, ఏసీ అన్నీ నడుస్తున్నాయి. అత్తాపూర్ దాటకముందే ఎర్ర లైటు మినుకుమినుకుమని, ఆ తర్వాత ఆరకుండా వెలిగిపోయింది. 11 కిలోమీటర్లకు పైగా ఉన్న పైవంతెన మీద ఆ వానలో బండి ఆపే ధైర్యం చేయలేక అలాగే నడిపాను. మెహదీపట్నంలో దిగేసరికి హెడ్‌లైట్ల వెలుతురు మసకబారింది. కనిపించిన మొదటి బ్యాటరీ దుకాణం ముందు ఇంజన్ ఆపితే, మళ్లీ సెల్ఫ్ తీసుకోలేదు.

దుకాణదారు బ్యాటరీ మీద భారం వేసి దాని బలం చూసే లోడ్ టెస్టర్ పెట్టి, ముల్లు ఎర్ర గీతలోకి పడిపోవడం చూపించి, "బ్యాటరీ పోయింది సార్, మార్చాల్సిందే" అన్నాడు. ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) కూడా ఒకసారి చూడమని అడిగాను. అప్పుడతను కొత్త బ్యాటరీ బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, అది నడుస్తుండగానే నెగటివ్ టర్మినల్ ఊడదీశాడు. ఇంజన్ ఆగలేదు, ఎర్ర లైటు కూడా వెలగలేదు. "చూసిండ్రా, డైనమో మంచిగనే ఉంది" అన్నాడు. వెనక సీట్లో అమ్మ తడిసిన చీరతో కూర్చుని ఉంది. ఇంకేమీ అడగకుండా డబ్బు ఇచ్చేశాను.

నాలుగో రోజు పొద్దున టోలిచౌకి దాటాక అదే లైటు మళ్లీ వెలిగింది. రాయదుర్గం దగ్గర ఒక సందులోకి తిప్పి, ఇంజన్ ఆపకుండానే, తెలిసినవాళ్ల ద్వారా ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. వయసు మళ్లిన ఆ పెద్దాయన వస్తూనే వోల్టులు కొలిచే మల్టీమీటర్ పుల్లలు టర్మినల్స్‌కి ఆనించి, అంకెలు నాకు కనిపించేలా మీటరును ఇటు తిప్పారు. 12.1 వోల్టులు ఉంది. ఎక్సలరేటర్ తొక్కమన్నారు, పెరగలేదు. హెడ్‌లైట్లు వేయమన్నారు, 11.8కి దిగింది. "బ్యాటరీది తప్పు లేదు సార్, డైనమో కరెంట్ ఇస్తలేదు" అన్నారు. ఇంజన్ ఆపించి, డైనమోను తిప్పే బెల్టును బొటనవేలితో నొక్కి చూశారు, టర్మినల్స్, ఎర్త్ వైరు కదిపి చూశారు. అవన్నీ గట్టిగానే ఉన్నాయి. డైనమో వెనక భాగం విప్పితే అసలు సంగతి బయటపడింది. లోపలికి కరెంట్ అందించే రెండు కార్బన్ బ్రష్‌లలో ఒకటి చిటికెనవేలి గోరంత కూడా మిగలలేదు. అది లోపలి రింగుకు ఒకసారి తగులుతూ, ఒకసారి తగలకుండా ఉండడం వల్లనే లైటు వెలుగుతూ ఆరుతూ వచ్చింది. బ్రష్‌లతో కలిపి, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మార్చడానికి, కూలితో సహా 1,800 రూపాయలు అయింది. ఆ తర్వాత మీటరు 14.2 చూపించింది, లైట్లు, ఏసీ వేసినా 13.9 దగ్గర నిలిచింది.

దుకాణంలో నాకు చూపించిన రెండు పరీక్షలూ ఎందుకు పనికిరానివో ఆయనే విడమరచి చెప్పారు. చార్జింగ్ అందక ఖాళీ అయిన బ్యాటరీ ఎంత మంచిదైనా లోడ్ టెస్టర్ మీద చెడిపోయినట్టే కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా చార్జ్ చేశాకే పరీక్షించాలి. ఇక ఇంజన్ నడుస్తుండగా టర్మినల్ ఊడదీయడం పాత కాలపు పద్ధతి. ఇప్పటి కార్లలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకి ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) వంటి ఖరీదైన భాగాలు దెబ్బతినవచ్చు. ఎవరైనా మీ బండి మీద ఆ పని చేయబోతే చేయి పట్టుకుని ఆపండి.

కాబట్టి మల్టీమీటర్ అంకెలు మీ కళ్లతో చూడనిదే ఏ దుకాణంలోనూ డబ్బు ఇవ్వకండి. బండిని కొన్ని గంటలు ఆపి ఉంచాక, పూర్తి చార్జింగ్ ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్త కార్లలో కొన్నింటికి కంప్యూటరే చార్జింగ్‌ను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది గనుక, లైట్లు, బ్లోయర్ వేసి కూడా చూడమనండి. 15 దాటితే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. దారిలో లైటు వెలిగితే ఏసీ, మ్యూజిక్ ఆపేసి, ఇంజన్ మాత్రం ఆపకుండా దగ్గరలోని మెకానిక్ దగ్గరకు వెళ్లండి. కానీ లైటుతో పాటు ఇంజన్ వేడి ముల్లు కూడా పైకి లేస్తే బెల్టు తెగి ఉండవచ్చు. చాలా బండ్లలో నీళ్ల పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది కనుక, అప్పుడు భద్రమైన చోటు చూసి వెంటనే ఇంజన్ ఆపేయాలి.

నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధించింది పాత బ్యాటరీ సంగతి. దానికి వారంటీ ఇంకా మిగిలే ఉంది. మర్నాడే వెళ్లి తిరిగి ఇవ్వమని అడిగి ఉంటే దొరికేదేమో. నేను వెళ్లేసరికి తుక్కుకు వెళ్లిపోయిందన్నారు. అసలు కారణం తేలేదాకా పాత బ్యాటరీని ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వకండి, నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకున్నా నష్టం లేదు. కొత్త దాని మీద ముద్రించిన తయారీ నెల కూడా చూసుకోండి. నాకు అంటగట్టింది ఎనిమిది నెలల కిందట తయారైనదని ఇంటికి వచ్చాక తెలిసింది. అమ్ముడుపోకుండా పడి ఉన్న బ్యాటరీ, మధ్యలో చార్జ్ చేయకపోతే, దానంతట అదే బలం కోల్పోతుంది.

దుకాణదారు తప్పు ఒప్పుకోలేదు. ఆ రోజు నాకు ఇచ్చింది జీఎస్టీ నంబరు లేని చీటీ, సంతకం లేని వారంటీ కార్డు. వాటి ఫొటోలు, ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన కాగితం సిద్ధం చేసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. సరైన బిల్లు ఉంటే నా పని ఇంకా తేలికయ్యేది. మీరు మాత్రం బ్యాటరీ సీరియల్ నంబరు, తేదీ, దుకాణం ముద్ర ఉన్న బిల్లు చేతికి వచ్చాకే బండి కదిలించండి.