సొంతంగా కాంట్రాక్టు పని చేసేవారికి ఏది మేలు: ప్రొప్రైటరా, ఎల్ఎల్‌పీనా, ప్రైవేట్ లిమిటెడా?

ఇంట్లో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు కాంట్రాక్టు మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు, అమరావతి పనులు మళ్లీ ఊపందుకున్నాక ఉద్యోగం మానేసి కన్సల్టెన్సీ పెట్టుకున్న సివిల్ ఇంజినీర్లు, బెజవాడలో ఇంటీరియర్ డిజైన్ చేసేవాళ్లు... గవర్నర్‌పేటలో మా ఆఫీసుకు వచ్చే వీళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "కంపెనీ పెట్టుకుంటే ట్యాక్స్ తగ్గుతుందంట కదండీ?"

ఏడాదికి 75 లక్షల లోపు వసూళ్లుండి, పనంతా తామే చేసుకునేవారికి తగ్గదు. చాలామందికి పెరుగుతుంది కూడా. ఎంత పెరుగుతుందో అంకెలు వేసి చూపిస్తేగానీ నమ్మరు కాబట్టి ఇక్కడ వేస్తున్నాను.

అసలు కీలకం 44ఏడీఏ. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి గానీ, అందరి నోటా నలిగింది ఈ నంబరే. ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఐటీ, ఇంటీరియర్ డెకరేషన్, వైద్యం, న్యాయవాద వృత్తి లాంటి పనులు చేసేవారు తమ వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు. మిగతా సగం ఖర్చయినట్టే లెక్క. బిల్లులు దాచక్కర్లేదు, ఖాతా పుస్తకాలు రాయక్కర్లేదు, ఆడిట్ అక్కర్లేదు. పరిమితి 50 లక్షలు. నగదు రూపంలో వచ్చింది 5 శాతం దాటకపోతే 75 లక్షలు. ఈ వెసులుబాటు వ్యక్తులకు, మామూలు భాగస్వామ్య సంస్థలకు మాత్రమే. ఎల్ఎల్‌పీకి (పార్ట్‌నర్ల బాధ్యతకు పరిమితి ఉండే భాగస్వామ్య సంస్థకు) లేదు, కంపెనీకి లేదు.

దీన్ని కొత్త పన్ను విధానంతో కలిపి చూడండి. 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల పన్ను సున్నా. అంటే ఏడాదికి 24 లక్షల బిల్లులు వేసిన ఇంజినీరుకు ఆదాయం 12 లక్షలు, పన్ను సున్నా. క్లయింటు 10 శాతం టీడీఎస్ (బిల్లులోంచి ముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటే, ఆ 2,40,000 రిటర్న్ వేశాక వెనక్కి వస్తుంది. ముందు 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద కోసిన పన్నుల పట్టికలో, ఆ కోతలన్నీ పడ్డాయో లేదో ఒక్కసారి చూసుకోండి.

ఇప్పుడు 40 లక్షల వసూళ్లు, 4 లక్షల అసలు ఖర్చు ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరును తీసుకుందాం. లాప్‌టాప్, ఇంటర్నెట్, కరెంటు, ఇంట్లో ఓ గది. అంతకుమించి ఈయనకు ఖర్చేముంటుంది?

ప్రొప్రైటర్‌గా, అంటే తన సొంత పేరు మీదే పనిచేస్తూ ఉంటే ఆదాయం 20 లక్షలు. సెస్‌తో కలిపి పన్ను 2,08,000.

ఎల్ఎల్‌పీ పెడితే అసలు లాభం 36 లక్షలు చూపాలి. అందులో పార్ట్‌నర్లకు జీతం కింద తీసుకోనిచ్చేది గరిష్ఠంగా 23.40 లక్షలు (మొదటి 6 లక్షల మీద 90 శాతం, మిగతా దాని మీద 60 శాతం). మిగిలిన 12.60 లక్షల మీద ఎల్ఎల్‌పీ 31.2 శాతం కట్టాలి, అంటే 3,93,120. జీతమంతా ఈయనే తీసుకుంటే దాని మీద మరో 2,96,400. మొత్తం 6.89 లక్షలు.

ప్రైవేట్ లిమిటెడ్ అయితే డైరెక్టరుగా 12.75 లక్షల జీతం తీసుకుని, జీతానికి దొరికే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్‌తో దాని మీద పన్ను లేకుండా చేసుకోవచ్చు. మిగిలిన 23.25 లక్షల మీద, తక్కువ రేటు ఎంచుకున్నా, సర్‌చార్జి, సెస్‌తో 25.17 శాతం. అది 5.85 లక్షలు. ఆ మిగిలిన డబ్బు కంపెనీదే, మీది కాదు. డివిడెండుగా ఇంటికి తెచ్చుకుంటే మీ శ్లాబు ప్రకారం మళ్లీ పన్ను.

ఇక్కడ తప్పకుండా వచ్చే మాట: "మా ఆవిడను పార్ట్‌నర్‌గా పెడితే?" ఆవిడకు ఆ పనికి తగ్గ చదువో నైపుణ్యమో ఉండి, నిజంగా పనిచేస్తుంటే సరే. పేరుకే పెట్టి జీతం రాస్తే ఆ జీతాన్ని భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఇద్దరూ నిజంగానే పనిచేసి చెరి 11.70 లక్షలు తీసుకున్నారనుకుందాం. వాళ్లిద్దరికీ పన్ను సున్నాయే. అయినా ఎల్ఎల్‌పీ కట్టే 3.93 లక్షలు పోవు కదా! ప్రొప్రైటర్ కట్టేదానికి దాదాపు రెట్టింపు.

కాబట్టి నన్నడిగితే తేల్చేది పన్ను రేటు కాదు, మీ వసూళ్లలో నిజంగా ఖర్చయ్యే భాగం ఎంత అన్నది. సగం కంటే బాగా తక్కువైతే ప్రొప్రైటర్‌గానే ఉండండి. సగం దాటితే 44ఏడీఏ మీకు నష్టం. ఇంటీరియర్ డిజైనర్లకు ఈ చిక్కు ఎక్కువ. ప్లైవుడ్, హార్డ్‌వేర్, వడ్రంగుల కూలీ అన్నీ కలిపి 60 లక్షల బిల్లు వేస్తారు, చేతికి మిగిలేది 15 లక్షలు. సగం లెక్కన 30 లక్షల ఆదాయం చూపాల్సి వస్తుంది. సామాను డబ్బు క్లయింటునే నేరుగా షాపుకు కట్టమని, మీరు డిజైన్ ఫీజుకు మాత్రం బిల్లు వేయండి. అది కుదరకపోతే ఖాతాలు రాసి, ఆడిట్ చేయించి అసలు లాభమే చూపించాలి.

మామూలు భాగస్వామ్య సంస్థకు 44ఏడీఏ ఉన్నా, ఆ సగం మీద నేరుగా 30 శాతం పడుతుంది, రిబేటు లేదు. వన్ పర్సన్ కంపెనీకి పన్ను ప్రైవేట్ లిమిటెడ్‌తో సమానమే. ప్రైవేట్ లిమిటెడ్‌కు కావాల్సిన రెండో మనిషి దొరకనివారికి తప్ప దానివల్ల వేరే ఉపయోగం నాకు కనిపించదు.

కంపెనీ పెట్టాక వచ్చే పనుల గురించీ ఒక మాట. ఒక్క రూపాయి వ్యాపారం జరగకపోయినా ఆడిట్ తప్పదు. ఏటా దాఖలు చేయాల్సిన ఏఓసీ-4 (కంపెనీ లెక్కలు), ఎంజీటీ-7ఏ (వార్షిక రిటర్న్) ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, దానికి పైపరిమితి లేదు. గుంటూరు కుర్రాడొకరు ఏదో వెబ్‌సైట్‌లో ఆఫర్ చూసి కంపెనీ పెట్టుకుని, ఆర్నెల్లకు ఉద్యోగంలో చేరిపోయాడు. కంపెనీ సంగతి మరిచిపోయాడు. ఏడాది దాటితే రెండు ఫారాలకు కలిపి 73,000. కంపెనీ మూసేయాలన్నా ముందు అవి కట్టాలి. అలాంటి కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ప్రొప్రైటర్‌కు ఒక లోటు ఉంది, దాచను. పనిలో తేడా వచ్చి క్లయింటు నష్టపరిహారం అడిగితే మీ సొంత ఆస్తి మీదికి వస్తుంది. స్ట్రక్చరల్ డిజైన్ల మీద సంతకం పెట్టే ఇంజినీర్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే సంతకం పెట్టిన ఇంజినీరు తన తప్పుకు తాను బాధ్యుడే, కంపెనీ ఉన్నా. వాళ్లకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (వృత్తిలో జరిగే తప్పులకు పరిహారం కట్టే బీమా) తీసుకోమని చెబుతాను.

జీఎస్టీకి దీనితో సంబంధం లేదు. ఏ రూపంలో ఉన్నా సేవలకు ఏపీలో పరిమితి 20 లక్షలే. విదేశీ క్లయింట్లయితే ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకిచ్చే హామీ పత్రం) వేసుకుని పన్ను లేకుండా బిల్లు ఇవ్వొచ్చు.

మరి కంపెనీ ఎప్పుడు? వసూళ్లు 75 లక్షలు దాటబోతున్నప్పుడు, మనుషుల్ని పెట్టుకుని పని పెంచుతున్నప్పుడు. అప్పుడు కూడా వచ్చిన లాభమంతా ఇంటికి తెచ్చుకునేవారికి ఎల్ఎల్‌పీ నయం, ఎందుకంటే 31.2 శాతం కట్టాక పార్ట్‌నర్ వాటా మీద మళ్లీ పన్ను లేదు. లాభాన్ని అందులోనే ఉంచి పెంచాలనుకునేవారికి ప్రైవేట్ లిమిటెడ్. ఏదైనా ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టండి. ఏడాది మధ్యలో మారితే సగం బిల్లులు మీ పాన్ మీద, సగం కంపెనీ పాన్ మీద పడి, టీడీఎస్ సరిచూసుకోవడానికే నెలలు పడుతుంది.