కలెక్షన్స్ నుంచి ఫోన్ రాగానే కార్డు నంబరు చెప్పేయకండి

అమెరికాలో ఉంటున్నవాళ్లు, ముఖ్యంగా ఈమధ్య ఉద్యోగం మారి ఇన్సూరెన్స్ కూడా మారినవాళ్లు, ఇది ఒకసారి చదవండి. నేను చేసిన తొందరపాటుకి 75 డాలర్లు పోయాయి, నాలుగు నెలలు మనశ్శాంతి లేదు. నిజానికి నేను ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేని బిల్లది.

కిందటి చలికాలంలో ఓ రాత్రి మా బాబుకి ఊపిరి ఆడక ఎమర్జెన్సీకి పరుగెత్తాం. నెబులైజర్ పెట్టారు, ఎక్స్‌రే తీశారు, తెల్లారేసరికి ఇంటికి పంపేశారు. కౌంటర్లో కొత్త ఇన్సూరెన్స్ కార్డే ఇచ్చాను, కాపీ కూడా తీసుకున్నారు. నెల తర్వాత ఆసుపత్రి బిల్లు వచ్చింది, కట్టేశాం. ఎక్స్‌రే చూసిన డాక్టరు బిల్లు వేరుగా వచ్చింది, అదీ కట్టేశాం. అంతటితో అయిపోయిందనుకున్నాం.

అవ్వలేదు. ఎమర్జెన్సీలో బాబుని చూసిన డాక్టరు ఆ ఆసుపత్రి ఉద్యోగి కాదట. వేరే డాక్టర్ల గ్రూపు తరఫున అక్కడ పనిచేస్తారు, ఆ గ్రూపు బిల్లింగ్ వేరు. ఇక్కడ ఇది మామూలే. ఒక్క రాత్రికి మూడు నాలుగు చోట్ల నుంచి బిల్లులు వస్తాయి. ఆ గ్రూపు దగ్గర రెండేళ్ల క్రితం మేం ఇచ్చిన పాత ఇన్సూరెన్సు, పాత అపార్ట్‌మెంట్ అడ్రసు ఉన్నాయి. క్లెయిము పాత కంపెనీకి పంపారు. మీకు కవరేజీ లేదని వాళ్లు తిప్పికొట్టారు. బిల్లులేమో పాత ఇంటికి వెళ్లాయి. పది నెలల తర్వాత, బాకీలు వసూలు చేసే ఏజెన్సీ (దీన్నే ఇక్కడ కలెక్షన్స్ అంటారు) మనిషి నుంచి నాకు ఫోన్ వచ్చింది.

1,184 డాలర్ల బాకీ అన్నాడు. నేను ఎప్పుడూ వినని గ్రూపు పేరు చెప్పాడు. తేదీ చెబితే మాత్రం గుర్తొచ్చింది, అదే రాత్రి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ చేయకుండానే నా గొంతు తడబడింది. "ఈరోజు ఎంతో కొంత కట్టండి, ఫైలు హోల్డ్‌లో పెడతాను. లేకపోతే క్రెడిట్ రిపోర్టుకి వెళ్తుంది" అన్నాడు. క్రెడిట్ రిపోర్టు అంటే మన అప్పుల చరిత్ర, లోను ఇచ్చేముందు బ్యాంకులు చూసేది. అప్పుడే మేం ఇంటి లోను కోసం తిరుగుతున్నాం. కార్డు తీసి 75 డాలర్లు కట్టేశాను. సాయంత్రం మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "కాగితం ఏదైనా పంపారా?" పంపలేదు. అతను నిజంగా ఆ ఏజెన్సీ మనిషో, ఎవడో మోసగాడో కూడా నాకు తెలియదు! అదృష్టం బాగుండి నిజమే అయింది.

ఆ ఫోన్లో నేను అనాల్సింది ఒకటే మాట: "నాకు ఉత్తరం పంపండి, చూసి మాట్లాడతాను." మొదటిసారి మనతో మాట్లాడిన 5 రోజుల్లోగా బాకీ ఎవరిది, ఎంత, ఎలా వచ్చిందీ రాసి పంపాలని 1977 నాటి కలెక్షన్ల చట్టం చెబుతోంది. ఆ నోటీసు అందాక మనకి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోపు "ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు, రుజువు పంపండి" అని రాతపూర్వకంగా పంపిస్తే, రుజువు పంపేదాకా వాళ్లు వసూలు ఆపాలి. ఫోన్లో చెబితే ఆ రక్షణ రాదు, రాసే పంపాలి. పొద్దున 8 లోపు, రాత్రి 9 దాటాక ఫోన్ చేయకూడదు. ఆఫీసుకి చేయొద్దని చెబితే మానేయాలి. ఈ చట్టం ప్రధానంగా కలెక్షన్ ఏజెన్సీలకే. ఆసుపత్రి తన బిల్లు తానే అడుగుతుంటే వర్తించదు.

కొంత కట్టడం వల్ల ఇంకో చిక్కుంది. బాకీ మీద కోర్టుకి వెళ్లడానికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో కాలపరిమితి ఉంటుంది. పాత బాకీ మీద కాస్త కట్టినా, కొన్ని రాష్ట్రాల్లో ఆ గడియారం మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. మాది పది నెలలదే కాబట్టి బతికిపోయాం. ఏళ్లనాటి బిల్లు గురించి ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం "మంచితనం కోసం పది డాలర్లు" అన్నా కట్టకండి.

ఉత్తరం వచ్చిన మర్నాడే జవాబు రాశాను. బాకీ ఒప్పుకోవడం లేదనీ, ఏ సేవకి ఎంతో కోడ్లతో సహా ఐటమైజ్డ్ బిల్లు కావాలనీ, ఏ ఇన్సూరెన్సుకి ఏ తేదీన క్లెయిము పంపారో చూపించమనీ అడిగాను. సర్టిఫైడ్ మెయిల్లో, అందినట్టు రసీదుతో పంపాను. ఆ రసీదు ఆకుపచ్చ కార్డు రూపంలో తిరిగొస్తుంది. మనవాళ్లందరూ ఏళ్లతరబడి ఎదురుచూసేది కాదులెండి, ఇది వారంలోనే వచ్చింది.

తర్వాత ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేస్తే అసలు సంగతి బయటపడింది. ఆ డాక్టరు పేరు మీద వాళ్లకి క్లెయిమే రాలేదు. గ్రూపు నెట్‌వర్క్‌లోనే, అంటే మా ఇన్సూరెన్సుతో ఒప్పందం ఉన్నవాళ్లలోనే, ఉంది కూడా. లైన్లో ఉన్నావిడ ఓపికగా గ్రూపు బిల్లింగ్ వాళ్లని కూడా కలిపి ముగ్గురం మాట్లాడేలా చేసింది. ఆవిడ చేసిన మేలు ఇంతా అంతా కాదు. బిల్లింగ్ వాళ్లు మొదట "అకౌంటు కలెక్షన్స్‌కి వెళ్లిపోయింది, మా చేతుల్లో లేదు" అన్నారు. ఇది విని ఫోన్ పెట్టేయకండి. బాకీ అమ్మేయకుండా వసూలుకి మాత్రమే ఇచ్చివుంటే వెనక్కి తెప్పించుకునే వీలు వాళ్లకి ఉంటుంది. సూపర్‌వైజర్ని అడిగితే చివరికి క్లెయిము సరైన కంపెనీకి పంపారు.

గడువు దాటాక వచ్చిందని ఇన్సూరెన్సు దాన్ని తిరస్కరించింది. నా గుండె జారిపోయింది. కానీ వాళ్లు పంపిన ఈఓబీలో (క్లెయిములో ఇన్సూరెన్సు ఎంత ఇచ్చింది, మన వాటా ఎంత అని చెప్పే కాగితం) "పేషెంటు కట్టాల్సింది" అన్నచోట సున్నా ఉంది! నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్లు క్లెయిము ఆలస్యంగా పంపితే ఆ నష్టం పేషెంటు మీద వేయకూడదని ఇన్సూరెన్సుతో వాళ్ల ఒప్పందాల్లో మామూలుగా ఉంటుంది. ఈఓబీ మీద "ఇది బిల్లు కాదు" అని రాసి ఉంటుంది కదా, అందుకే చాలామంది చూడకుండా పక్కన పడేస్తారు. నేనూ అంతే. ఇప్పుడు ఒక్కటీ పారేయడం లేదు. ఒకవేళ డాక్టరు నెట్‌వర్క్‌లో లేకపోయినా, ఎమర్జెన్సీ అయితే నెట్‌వర్క్ లెక్కన మీ వాటాకి వచ్చేదానికి మించి వసూలు చేయకూడదు. ఆ చట్టం 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

క్రెడిట్ రిపోర్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో సగం సగం తిరుగుతోంది. వైద్య బాకీలు ఇక రిపోర్టులో రావు అని 2025 జనవరిలో ఒక నిబంధన వచ్చిన మాట నిజమే. కానీ అదే ఏడాది జులైలో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడున్నది క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ కంపెనీలు తమంతట తాము పెట్టుకున్న పద్ధతి. కలెక్షన్స్‌కి వెళ్లిన వైద్య బాకీని ఏడాది దాకా చూపించరు, 500 డాలర్ల లోపువి చూపించరు, కట్టేసినవి తీసేస్తారు. న్యూయార్క్, కొలరాడో, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు ఇంకా ముందుకెళ్లి సొంత చట్టాలు చేశాయి. అంటే ఆరోజు నన్ను భయపెట్టిన మనిషి మాటలో పస లేదు. బాకీ అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇది తెలియక ఆ మొత్తాన్ని క్రెడిట్ కార్డు మీద గీకేసి ఉంటే అది వైద్య బాకీ కాకుండా మామూలు కార్డు బాకీ అయిపోయేది. అప్పుడు ఈ వెసులుబాట్లేవీ వర్తించవు.

మీ బిల్లు నిజంగానే మీరు కట్టాల్సినదై, కట్టలేని పరిస్థితైతే దారి వేరు. నాన్‌ప్రాఫిట్ ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సాయం పాలసీ ఉండి తీరాలి. ఇంటికి వచ్చాక మొదటి బిల్లు పంపిన రోజు నుంచి కనీసం 240 రోజులు దరఖాస్తు తీసుకోవాలి, ఈలోగా కలెక్షన్స్‌కి పంపేసినా సరే. సిగ్గుపడి అడగనివాళ్లే ఎక్కువ.

ఈఓబీ కాపీని ఏజెన్సీకీ గ్రూపుకీ ఇద్దరికీ పంపాను. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. వినియోగదారుల ఆర్థిక రక్షణ బ్యూరో అయిన సీఎఫ్‌పీబీ సైట్‌లో ఫిర్యాదు పెట్టాక, అకౌంటు మూసేశామని రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. క్షమించమన్న మాట లేదు, నేను ఆశించనూ లేదు.

ఆ 75 డాలర్లు మాత్రం ఇంకా రాలేదు. ఏజెన్సీని అడిగితే గ్రూపుకి పంపేశాం అంటున్నారు. గ్రూపుని అడిగితే మాకు అందలేదు అంటున్నారు. నిన్న ఇద్దరికీ ఇంకో సర్టిఫైడ్ ఉత్తరం పెట్టాను.