అల్హంబ్రా టికెట్ ప్యాకేజీలోనే ఉందంటే నమ్మేయకండి, అందులో ప్యాలెస్ ఉందో లేదో చూసుకోండి

యూరప్ ప్యాకేజీ కొనబోతున్న విజయనగరం, శ్రీకాకుళం వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్పెయిన్‌లో గ్రనడా తీసుకెళ్లి అల్హంబ్రా చూపిస్తామని ఎవరైనా చెబితే, మిగతా డబ్బు కట్టే ముందు టికెట్ చూపించమనండి. దాని మీద నస్రిద్ ప్యాలెస్‌ల (అల్హంబ్రాలో అసలు చూడాల్సిన రాజభవనాల) పేరు, లోపలికి వెళ్లే టైము రెండూ ఉండాలి. అవి లేకపోతే మీకు అమ్ముతున్నది తోటల టికెట్. మాకు అంటగట్టింది అదే. మనిషికి ఏడు వేలు తీసుకుని, బిల్లు మీద 'అల్హంబ్రా ప్యాలెస్ ఫుల్ ఎంట్రీ' అని రాసిచ్చి మరీ అంటగట్టారు.

మా మేనకోడలు మాడ్రిడ్‌లో చదువుతోంది. పిల్లని చూసినట్టూ ఉంటుంది, దేశం చూసినట్టూ ఉంటుందని అక్క, బావగారు, అక్క అత్తగారు, నేను, మా ఆవిడ కలిసి బయల్దేరాం. విమానం, హోటళ్లు, రైళ్లు, టికెట్లు అన్నీ విజయనగరంలోని ఒక ట్రావెల్ ఆఫీసు చూసుకుంటానంది. పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, అందుకని.

ముందుగా అల్హంబ్రా సంగతి చెప్పాలి, లేకపోతే మోసం ఎక్కడ జరిగిందో అర్థం కాదు. అది ఒక్క భవనం కాదు. ఒక గుట్ట మీద పొడుగ్గా పరుచుకున్న కోట, రాజభవనాలు, తోటలు. 1238లో గ్రనడాని ఏలిన ముస్లిం రాజులు, నస్రిద్ వంశపు మొదటి ముహమ్మద్ మొదలుపెట్టాడు. ఇప్పుడు జనం ఎగబడి చూసే భాగాలు ఎక్కువగా 14వ శతాబ్దంలో మొదటి యూసుఫ్, ఆయన కొడుకు ఐదో ముహమ్మద్ కట్టించినవి. 1492లో గ్రనడా క్రైస్తవ రాజుల చేతికి వచ్చింది. పడమటి కొసన అల్కసబా అనే పాత సైనిక కోట, తూర్పున హెనెరలీఫే అనే తోటలు, వేసవి విడిది. ఈ రెండింటి మధ్యలో, అల్కసబాకి దగ్గరగా నస్రిద్ ప్యాలెస్‌లు. ఫొటోల్లో మనం చూసే పన్నెండు సింహాల ఫౌంటెన్, నీళ్లలో బురుజు నీడ పడే ప్రాంగణం, తేనెపట్టులా వేలాడే సున్నపు చెక్కడాల పైకప్పులు అన్నీ ఈ ప్యాలెస్‌లలోనే ఉన్నాయి. అల్హంబ్రా అని ఫోన్లో వెతికితే వచ్చే బొమ్మల్లో సగానికి పైగా ఇక్కడివే.

ఈ ఒక్క భాగానికే టైము టికెట్. గదులు ఇరుకు, గోడల మీది పని సున్నపు పని, తాకితే పాడవుతుంది. అందుకని అరగంటకో గుంపు చొప్పున లెక్కపెట్టి పంపిస్తారు. లోపలికి వెళ్లాక ఎంతసేపు ఉన్నా ఎవరూ తరమరు, కానీ వెళ్లే వేళ మాత్రం టికెట్ మీద ఉన్నదే. మన విజయనగరం కోట సంగతి వేరు. 1713 నాటి కోటే అయినా లోపల కాలేజీలు నడుస్తున్నాయి, మోతీ మహల్ ముందు ఫొటో తీసుకోవాలంటే సాయంత్రం కుదరకపోతే రేపు పొద్దున్న వెళ్లొస్తాం. అక్కడ రేపు అనే మాటే లేదు. టికెట్లు నెలల ముందే అమ్మకానికి పెడతారు, సీజన్లో వారాల ముందే అయిపోతాయి.

టికెట్లలో రకాలున్నాయి. జనరల్ టికెట్‌లో నస్రిద్ ప్యాలెస్‌లు, అల్కసబా, హెనెరలీఫే అన్నీ వస్తాయి. దానికంటే చవగ్గా, దాదాపు సగం ధరకి ఇంకోటి ఉంది: 'తోటలు, హెనెరలీఫే, అల్కసబా'. అందులో ప్యాలెస్‌లు లేవు. రాత్రిపూట చూసే టికెట్లు వేరు, వాటిలోనూ ప్యాలెస్‌లకి ఒకటి, తోటలకి ఒకటి విడిగా ఉంటాయి. జనరల్ టికెట్లు అయిపోయాక కూడా తోటల టికెట్ చాలాసార్లు దొరుకుతుంది. ఏజెంట్ల కక్కుర్తి అంతా ఇక్కడే. సీట్లు అయిపోయాయని చెబితే కస్టమర్ జారిపోతాడు. అందుకని ఈ చవక టికెట్ కొని, ఖరీదైన దాని పేరు చెప్పి, దానికి కూడా లేని రేటు వేస్తారు. అధికారిక సైటులో జనరల్ టికెట్టే సుమారు 20 యూరోలు. మా దగ్గర తీసుకున్న ఏడు వేలు ఎక్కడికి పోయాయో మీరే లెక్క వేసుకోండి.

మాకు ఇచ్చిన ప్రోగ్రాం కాగితంలో 'ఉదయం 10 గంటలకు అల్హంబ్రా ప్యాలెస్' అని ఉంది. టికెట్లు ఏవని బావగారు అడిగినప్పుడల్లా "ముందు రోజే వస్తాయి సార్, అక్కడి రూలు" అన్నాడు ఏజెంటు. అలాంటి రూలేమీ లేదు. అధికారిక సైటులో కొన్నవాళ్లు టికెట్ అప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మాకు గ్రనడా హోటల్లో నిద్రకు పడ్డాక వాట్సాప్‌లో వచ్చాయి. స్పానిష్‌లో ఉన్నాయి. పది గంటలన్న టైము ఏజెంటు కాగితంలోనే ఉంది తప్ప టికెట్ మీద ఎక్కడా లేదు.

పొద్దున్నే సి30 బస్సెక్కి కొండ మీదికి చేరుకున్నాం. మెయిన్ గేటు హెనెరలీఫే వైపు ఉంటుంది. అక్కడ స్కాన్ చేసి లోపలికి పంపారు, టికెట్ చెల్లింది కదా అని మనసు కుదుటపడింది. అక్కడి నుంచి నస్రిద్ ప్యాలెస్‌ల దగ్గరకి నడక పావుగంట పైనే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే ఇంకా ఎక్కువ. క్యూలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. మిషన్ ఎర్రగా వెలిగింది. అక్కడి అమ్మాయి టికెట్ చూసి, ఇందులో ప్యాలెస్ లేదని చేతులతో, వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలతో మర్యాదగానే చెప్పింది. మేనకోడలు స్పానిష్‌లో బతిమాలింది. ఆ రోజుకి ఒక్క టికెట్ కూడా మిగల్లేదట. రాత్రి టికెట్లూ లేవు. మర్నాడు మధ్యాహ్నానికి మా రైలు.

ఏజెంటుకి ఫోన్ చేస్తే ఏమన్నాడో విన్నారా? "కోట, తోట రెండూ ఉన్నాయి కదండీ, ప్యాలెస్ కూడా చూశారు కదా." ఏ ప్యాలెస్ అంటే, ఐదో చార్లెస్ ప్యాలెస్! నస్రిద్ ప్యాలెస్‌ల పక్కనే ఉన్న పెద్ద రాతి కట్టడం అది, 1527లో మొదలుపెట్టారు. బయట నలుచదరం, లోపల గుండ్రటి ప్రాంగణం, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అందులోకి వెళ్లడానికి టికెట్టే అక్కర్లేదు, ఎవరైనా ఉచితంగా వెళ్లొచ్చు. ఊరికే చూసేదాన్ని చూపించి మనిషికి ఏడు వేల లెక్క సరిపెట్టాడు. ఆ ప్యాలెస్ గోడ పక్కన రాతి అరుగు మీద కూలబడి అక్క అత్తగారు "ఏటి నాయనా, ఇంత దూరం వచ్చి గోడలు చూసి ఎల్లిపోడమేటి" అన్నారు. ఎవరికీ జవాబు దొరకలేదు.

నిజం చెప్పాలంటే మిగతా భాగాలు కూడా తీసిపారేసేవి కావు. అల్కసబా బురుజు ఎక్కితే కింద అల్బైసిన్ పేట తెల్లటి ఇళ్లు, అటువైపు సియెర్రా నెవాడా కొండలు కనబడతాయి. హెనెరలీఫేలో కాలువకి రెండు వైపులా నీళ్లు విల్లులా చిమ్ముతుంటాయి, మా ఆవిడ అక్కడి నుంచి కదలనంది. తోటలు చూడ్డానికే వెళ్లేవాళ్లకి ఆ టికెట్ మంచి టికెట్టే. దాన్ని దాని పేరుతో అమ్మాలి, అంతే.

ఇంకో గొడవ పేర్లది. మాలాగే బుక్ చేయించుకున్న శ్రీకాకుళం కుటుంబం ఒకటి అక్కడ కలిసింది. వాళ్లవి సరైన జనరల్ టికెట్లే, టైమూ ఉంది. కానీ నాలుగింటి మీదా ఇంటి పెద్దాయన పేరే కొట్టించాడు వాళ్ల ఏజెంటు. అల్హంబ్రా టికెట్ పేరు మీద ఇచ్చేది, ఇంకొకరికి మార్చడానికి కుదరదు. టికెట్‌తో పాటు పాస్‌పోర్ట్ చూపించమంటారు. పెద్దాయన్ని పంపించి మిగతా వాళ్లని ఆపేశారు. పిల్లలు లేకుండా ఆయన మాత్రం ఏం వెళ్తాడు, వెనక్కి వచ్చేశాడు.

మన పేర్లతో ఈ తలనొప్పి మరీ ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా. కొందరికి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా ఒకే చోట. పెళ్లయిన ఆడవాళ్లకి ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటిది. ఏజెంటుకి వాట్సాప్‌లో పేర్లు టైప్ చేసి పంపకండి. పాస్‌పోర్ట్ మొదటి పేజీయే పంపించి, అందులో ఉన్నది ఉన్నట్టు, నంబరుతో సహా కొట్టమనండి. టికెట్ వచ్చాక అక్షరం అక్షరం సరిచూసుకోండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఉచితమే, అయినా వాళ్ల పేరు మీదా టికెట్ ఉండాలి. ఇక గ్రనడాలో ఆ రోజు అసలు పాస్‌పోర్ట్‌లు జేబులోనే ఉంచుకోండి. జెరాక్సులు, ఫోన్లో ఫొటోలు నమ్ముకుని హోటల్ లాకర్లో పెట్టి రావద్దు.

టైము గురించి కూడా ఒక మాట. జనరల్ టికెట్ మీద ఉండే టైము నస్రిద్ ప్యాలెస్‌ల గుమ్మం దగ్గరిది, కొండ మీది మెయిన్ గేటుది కాదు. మిగతా భాగాలు ఆ రోజు ఆ వేళకి ముందైనా, తర్వాతైనా చూడొచ్చు. కొన్ని ప్యాకేజీల్లో మాడ్రిడ్ నుంచి పొద్దున్న రైలెక్కించి అదే రోజు అల్హంబ్రా పెడతారు. రైలు ప్రయాణమే మూడు గంటల పైన. ఆ తర్వాత బస్సు, క్యూ, నడక. మధ్యాహ్నం స్లాట్ అయితే సరే. పది, పదకొండు గంటల స్లాట్ వేశాడంటే అతను మ్యాప్ కూడా చూడలేదన్నమాట. టికెట్ ముందే చేతిలో ఉన్నవాళ్లు పెద్దవాళ్లతో వెళ్తే మెయిన్ గేటుకి కాకుండా ప్వెర్తా దె లా హుస్తీసియా అనే పాత కోట ద్వారం వైపు రావచ్చు. నస్రిద్ ప్యాలెస్‌లకి అది దగ్గర.

కొనడం అంటారా, అల్హంబ్రాని చూసుకునే ప్రభుత్వ సంస్థ పేరు పత్రొనాతో దె లా అల్హంబ్రా ఇ హెనెరలీఫే. టికెట్లు అమ్మే సైటు అడ్రసులో 'పత్రొనాతో' అన్న ముక్క ఉంటుంది. గూగుల్లో పైన కనబడేవన్నీ అది కాదు, వాటిలో చాలావరకు మధ్యవర్తుల సైట్లు. పిల్లలెవరైనా కార్డుతో పది నిమిషాల్లో కొనిపెడతారు, దీనికి ఏజెంటే అక్కర్లేదు. అక్కడ అయిపోయాయనుకోండి, గ్రనడా కార్డు అని ఒకటి అమ్ముతారు, అందులో నస్రిద్ ప్యాలెస్‌లు స్లాట్‌తో సహా ఉంటాయి. గైడుతో టూర్లు నడిపే సంస్థల దగ్గర కూడా దొరకవచ్చు, ఖరీదు ఎక్కువ. వాటిలో కూడా నస్రిద్ ప్యాలెస్‌లు ఉన్నాయని రాతపూర్వకంగా ఒప్పించుకున్నాకే కట్టండి.

పారిస్ వెళ్లేవాళ్లకీ ఇదే జాగ్రత్త. అక్కడి వెర్సాయ్ రాజభవనంలో ట్రియానోన్ (తోటల అవతలి చిన్న భవనాలు) టికెట్ అని విడిగా ఒకటి ఉంది, దాంతో అసలు ప్యాలెస్‌లోకి పోనివ్వరు. పైగా ఆ ప్యాలెస్‌కి సోమవారం సెలవు. అంతదూరం ఎందుకు, ఆగ్రాలో తాజ్ మహల్‌కే మామూలు టికెట్ యాభై రూపాయలైతే ప్రధాన సమాధి భవనంలోకి మరో రెండు వందలు కట్టాలి. శుక్రవారం మూసేస్తారు. ప్యాకేజీలో 'తాజ్ ఎంట్రీ' అని ఉంటే ఈ రెండు వందలూ అందులో ఉన్నాయో లేదో అడగండి.

ఊరికి వచ్చాక ఆఫీసుకి వెళ్తే మొదట నీళ్లు నమిలాడు. తర్వాత తప్పు స్పెయిన్ వాళ్ల మీదికి తోశాడు. ఆఖరికి వచ్చే ట్రిప్పులో డిస్కౌంట్ ఇస్తానన్నాడు. మళ్లీ అతనితో ట్రిప్పా! బావగారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించారు. బిల్లు మీద 'ప్యాలెస్ ఫుల్ ఎంట్రీ' అన్న మాట, వాట్సాప్ మెసేజ్‌లు, ప్రోగ్రాం కాగితం, వచ్చిన టికెట్లు అన్నీ ఉన్నాయి కాబట్టి మాట దాటేయడం కుదరలేదు. మీరూ ఏ ప్యాకేజీ కొన్నా నోటిమాటతో సరిపెట్టుకోకుండా బిల్లు మీద రాయించుకోండి. హెల్ప్‌లైన్‌తో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం విషయం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు.

హెల్ప్‌లైన్ నుంచి కబురు వెళ్లాక టికెట్ డబ్బు మాత్రం వెనక్కి ఇస్తామని ఆఫీసు వాళ్లు ఒప్పుకున్నారు. ఇంకా చేతికి రాలేదు. వాళ్లు చెప్పిన గడువు దాటితే కమిషన్‌లో వేయడానికి బావగారు కాగితాలన్నీ ఫైల్ కట్టి ఉంచారు. అదే ఆఫీసులో స్పెయిన్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టినవాళ్లు విజయనగరంలో ఇంకొందరు ఉన్నారని విన్నాను. మీలో ఎవరైనా ఉంటే ఇవాళే వెళ్లి టికెట్లు బయటికి తీయించండి.