సీజన్ టికెట్: మా జట్టు సొంత ఊళ్ళోనే విశ్రాంతి తీసుకుంటుంది

నేను ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్)లోని మా ఊరి జట్టు సీజన్ టికెట్‌ను, అంటే సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌లన్నిటికీ ముందే డబ్బు కట్టే టికెట్‌ను, మహమ్మారి ఏడాది మినహా, 2016 నుంచి వరుసగా తీసుకుంటున్నాను. సీటు, పార్కింగ్, ఏడాదికి 41 మ్యాచ్‌ల సంగతి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్ళను. ఇన్నేళ్ళ తర్వాత నా మనసులో మిగిలిన బాధ ఒక్కటే: ప్రధాన ఆటగాడు సొంత మైదానంలో ఏ రాత్రి ఆడతాడో, ఏ రాత్రి ఆడడో నిర్ణయించేటప్పుడు టికెట్ కొన్నవాడు లెక్కలోకి రాడు.

2023 జనవరిలో మా నాన్నగారు ఇండియా నుంచి నా దగ్గరికి వచ్చారు. కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి, మా జట్టులోని ఆ ఆటగాణ్ణి కళ్ళారా చూడాలని ఏడాదిగా అంటున్నారు. ఆయన ఉన్న కొద్ది వారాల్లో మాకు కుదిరిన మ్యాచ్ ఒక్కటే. మేము పార్కింగ్ వరుసలో ఉండగా ఫోన్‌కు వార్త వచ్చింది: గాయమేమీ లేదు, ఆ ఆటగాడికి ఆ రాత్రి విశ్రాంతి. లోపలికి వెళితే అతడు మామూలు దుస్తుల్లో బెంచిపై కూర్చుని సహచరులకు చప్పట్లు కొడుతున్నాడు. నాన్నగారు నాలుగు క్వార్టర్లూ ఓపికగా చూశారు, ఒక్క మాట అనలేదు. రెండు రోజుల తర్వాత వేరే ఊళ్ళో, జాతీయ ప్రసారం ఉన్న మ్యాచ్‌లో, అదే ఆటగాడు మొదటి నిమిషం నుంచీ ఆడాడు. సోఫాలో కూర్చుని చూస్తున్న నాన్నగారు, "అయితే మొన్న మనం వెళ్ళిన రోజున కూడా ఈ అబ్బాయి బాగానే ఉన్నాడన్నమాట" అన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మర్నాడు టికెట్ విభాగానికి ఫోన్ చేశాను. మా ఖాతా చూసే ప్రతినిధి ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి, మార్చిలో ఒక మ్యాచ్‌కు మెరుగైన సీట్లు ఇస్తానన్నారు. నాన్నగారి తిరుగు ప్రయాణం ఫిబ్రవరిలో. తొలి రెండు సీజన్లలో ఈ ప్రతినిధుల శ్రద్ధ చూసే నేను ముగ్గురు స్నేహితుల చేత టికెట్లు కొనిపించాను. ఆ శ్రద్ధ నిజమే, కాదనను. కానీ సీటు మార్చడం వరకే వారి అధికారమని, ఆట గురించి నా ఫిర్యాదు ఆ గది దాటి పోదని అప్పటికి నాకు తెలియదు.

తర్వాత నిబంధనలు వెతికి చదివాను. 2012 నవంబరులో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు మయామీలో జాతీయ ప్రసార మ్యాచ్‌కు ముందు టిమ్ డంకన్ సహా నలుగురు ప్రధాన ఆటగాళ్ళను విశ్రాంతి కోసం ఇంటికి పంపినప్పుడు లీగ్ 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. 2017లో వచ్చిన నియమాల ప్రకారం జాతీయ ప్రసారం ఉన్న ముఖ్యమైన మ్యాచ్‌లలో ఆరోగ్యంగా ఉన్న ఆటగాడికి విశ్రాంతి ఇవ్వకూడదని ఉండేది. ప్రత్యేక కారణం లేకపోతే పరాయి ఊళ్ళోనూ ఇవ్వకూడదని ఉండేది. ఏడాదికి ఒకటి రెండుసార్లే ఆ ఆటగాణ్ణి చూడగలిగే ఇతర నగరాల అభిమానుల గురించి ఆలోచించి పెట్టిన రెండో నియమం న్యాయమైనదే. అయినా రెండింటినీ కలిపి చదివితే విశ్రాంతికి మిగిలేది జాతీయ ప్రసారం లేని సొంత మైదానపు రాత్రి, అంటే సీజన్ టికెట్ ఉన్నవాడు ముందుగానే డబ్బు కట్టేసిన రాత్రి. 2023 సెప్టెంబరులో నియమాలను ఇంకా కఠినం చేశారు, అప్పుడూ జాతీయ ప్రసారాలకే పెద్దపీట వేశారు.

కారణం డబ్బు ఎటు నుంచి వస్తుందన్నదే. లీగ్ జాతీయ టీవీ ప్రసార హక్కుల విషయంలో, 2016-17 నుంచి అమలైన ఒప్పందం తొమ్మిదేళ్ళకు 2,400 కోట్ల డాలర్లు. 2025-26 నుంచి మొదలైనది పదకొండేళ్ళకు సుమారు 7,600 కోట్లు. ఈ జాతీయ ఆదాయాన్ని 30 జట్లూ సమానంగా పంచుకుంటాయి, గెలిచినా ఓడినా, మైదానం నిండినా నిండకపోయినా. ఈ డబ్బుకు అభిమానితో ఎంత సంబంధం ఉందో 1976 నాటి ఉదంతం చెబుతుంది: ఏబీఏ అనే పోటీ లీగ్ నుంచి నాలుగు జట్లు ఎన్‌బీఏలో కలిసినప్పుడు, చోటు దక్కని ఏబీఏ జట్టు సెయింట్ లూయిస్ స్పిరిట్స్ యజమానులు ఆ నాలుగు జట్ల టీవీ వాటాలో ఏడో వంతు శాశ్వతంగా రాయించుకున్నారు. జట్టు లేదు, మ్యాచ్ లేదు, అభిమాని లేడు. డబ్బు మాత్రం దశాబ్దాల పాటు వచ్చింది. 2014లో 50 కోట్ల డాలర్లు చెల్లించి ఆ ఒప్పందాన్ని చాలావరకు ముగించవలసి వచ్చింది.

టీవీ సొమ్ము అంతా చెడ్డదని నేను అనలేను. స్థానిక ప్రసార హక్కులు ఏ జట్టువి ఆ జట్టుకే ఉంటాయి. 2023లో ప్రాంతీయ కేబుల్ చానళ్ళ వ్యాపారం కుదేలైనప్పుడు ఫీనిక్స్ సన్స్, యూటా జాజ్ తమ మ్యాచ్‌లను మామూలు యాంటెన్నాతో ఉచితంగా చూసేలా మార్చాయి. కేబుల్ కట్టలేని ఇంటికి కూడా ఆట చేరాలన్న ఆలోచన అలా వచ్చింది, మా ఊళ్ళో కూడా అలాగే జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

టికెట్ వదిలేయమని ఎవరికీ చెప్పను. మైదానానికి పది నిమిషాల దూరంలో ఉండి, పిల్లలతో తరచూ వెళ్ళగలిగి, ఎవరు ఆడినా ఆనందించేవారికి ఇది ఇప్పటికీ మంచిదే కావచ్చు. నాకు గంట ప్రయాణం, పైగా దూరం నుంచి వచ్చేవారికి ఒకే ఒక్క మ్యాచ్ చూపించగలిగే పరిస్థితి. అందుకని ఈ సీజన్‌కు మా ఆఫీసు మిత్రుడితో సగం సగం పంచుకున్నాను. నా వంతుకు, ఆలస్యంగా మొదలై ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటినా సరేనని, జాతీయ ప్రసారం ఉన్న రాత్రులే ఎంచుకున్నాను. నాన్నగారు మళ్ళీ డిసెంబరులో వస్తున్నారు.