సొంతంగా బిగించుకునే ఏఆర్-15కి ఏ స్టాక్ కొనాలి: మ్యాగ్‌పుల్ సీటీఆర్ సమీక్ష

ఏఆర్-15 రైఫిల్‌ను విడిభాగాలుగా తెచ్చి ఇంట్లో బిగించుకునేవాళ్లు బ్యారెల్ గురించి, ట్రిగ్గర్ గురించి వారాల తరబడి వాకబు చేస్తారు. రైఫిల్ వెనక చివర ఉండే బట్‌స్టాక్ దగ్గరికి వచ్చేసరికి ఫొటోలో బాగున్నదాన్ని కొనేస్తారు. పెట్టె విప్పాక అది రైఫిల్ వెనక ఉండే బఫర్ ట్యూబ్ అనే గొట్టం మీదికి ఎక్కదు, లేదంటే ఎక్కి లొడలొడలాడుతుంది. గురి చూసేటప్పుడు భుజానికీ చెంపకీ ఆనేది ఈ ఒక్క భాగమే. అది ఒంటికి కుదరకపోతే తల ప్రతిసారీ ఒక్కో చోట ఆనుతుంది, మంచి బ్యారెల్ పెట్టినా తూటాలు ఒకచోట పడవు.

ఇక్కడ చూస్తున్నది మ్యాగ్‌పుల్ వాళ్ల సీటీఆర్. 16 అంగుళాల బ్యారెల్, కార్బైన్ (పొట్టి రకం) ట్యూబ్‌తో అమెరికాలో బిగించుకునే మామూలు రైఫిల్‌కి మేం ముందు చెప్పే పేరు ఇదే. ఎవరికి ఇది పనికిరాదో కూడా చెబుతాం.

స్టాక్ కొనేముందు ట్యూబ్ కొలవండి. స్టాక్ లోపల దూరే బఫర్ ట్యూబ్ రెండు కొలతల్లో దొరుకుతుంది. మిల్‌స్పెక్ (సైన్యం ప్రమాణానికి చేసిన) ట్యూబ్ బయటి వ్యాసం 1.148 అంగుళాలు, కమర్షియల్ ట్యూబ్‌ది 1.168. తేడా అర మిల్లీమీటరు, కంటికి ఆనదు. మిల్‌స్పెక్ స్టాక్ కమర్షియల్ ట్యూబ్ మీదికి ఎక్కదు. అలాంటప్పుడు సుత్తి పట్టుకోవద్దు, స్టాక్ మార్చుకోండి. కమర్షియల్ స్టాక్ మిల్‌స్పెక్ ట్యూబ్ మీదికి సులువుగా జారిపోతుంది, కానీ ఆ అర మిల్లీమీటరు సందు భుజానికి ఆనించగానే ఊగులాటగా తెలుస్తుంది. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచేటప్పుడు మరలున్న చోట కాకుండా వాటి వెనక నున్నగా ఉన్న గొట్టం మీద, అడ్డంగా కొలవాలి. కాలిపర్ లేకపోతే వెనక చివర చూడండి: మిల్‌స్పెక్ ట్యూబ్ తిన్నగా కోసినట్టుంటుంది, కమర్షియల్ వాటిలో చాలావాటికి ఆ చివర ఏటవాలుగా ఉంటుంది. ఇది గుర్తు మాత్రమే, నమ్మాల్సింది కొలతనే. సీటీఆర్ రెండు కొలతల్లోనూ అమ్ముతారు, పెట్టె మీద ఏది రాసుందో చూసి తీసుకోండి. ఇంకా ట్యూబ్ కొననివాళ్లు మిల్‌స్పెక్ తీసుకుంటే మంచిది. స్టాకుల్లో ఎంపిక ఎక్కువ ఉండేది దానికే.

సీటీఆర్ బరువు 8.8 ఔన్సులు, అంటే పావు కిలో. ధర 60 డాలర్లకు అటూఇటూ. అదే కంపెనీ ఎంఓఈ స్టాక్ 8 ఔన్సులు, ఇంకాస్త చవక. చూపుకి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎక్కువ పెట్టే డబ్బుకి వచ్చేవి రెండు: స్లింగ్ (భుజాన వేసుకునే పట్టీ) తగిలించే క్యూడీ (చిటికెలో పెట్టి తీయగల) గూడు, ఊగులాట ఆపే ఫ్రిక్షన్ లాక్. గూడు సంగతి పక్కన పెడితే, ఆ లాక్ కోసమే సీటీఆర్ కొనొచ్చు.

ముందుకీ వెనక్కీ జరిగే స్టాక్ ఏదైనా ట్యూబ్ మీద జారాలంటే కాస్త సందు ఉండి తీరాలి. ఆ సందే ఊగులాటకి మూలం. మామూలు స్టాక్‌లో ట్యూబ్ అడుగున ఉన్న రంధ్రాల్లో ఒకదానిలోకి దిగే పిన్ను తప్ప పట్టుకునేది ఇంకేమీ ఉండదు. పిన్ను స్టాక్‌ని ముందుకూ వెనక్కూ జారనివ్వదు గానీ పక్కలకు కదలకుండా ఆపలేదు. సీటీఆర్‌లో పొడవు మార్చే లీవర్‌తో పాటు వేరే చిన్న లీవర్ ఒకటుంది. కావలసిన పొడవు దగ్గర ఆపి దాన్ని నొక్కితే అది ట్యూబ్‌ని గట్టిగా అదిమి పట్టి ఆ సందుని తినేస్తుంది. నొక్కకముందు స్టాక్ చివర పట్టుకుని పక్కకి ఊపండి, చిన్న టకటక వినిపిస్తుంది. నొక్కాక మళ్లీ ఊపండి, చప్పుడు ఉండదు, చేతికి తగిలే కదలిక కూడా దాదాపు పోతుంది. నొక్కినా లొడలొడ తగ్గలేదంటే తప్పు స్టాక్‌ది కాకపోవచ్చు, ట్యూబ్‌ని మళ్లీ కొలవండి. పొడవు మార్చే ముందు ఈ లాక్ విడిపించడం మరిచిపోతే లీవర్ మొరాయిస్తుంది. కొత్తవాళ్లు పాడైపోయిందనుకుని తిరిగి పంపించేది చాలాసార్లు ఇందుకే.

ఎక్కించడం నిమిషం పని. మ్యాగజైన్ తీసేసి, చాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. ఫ్రిక్షన్ లాక్ విడిపించండి. లీవర్ నొక్కితే పిన్ను కొంతే దిగుతుంది, పొడవు మార్చడానికి అది చాలు. ట్యూబ్ మీదికి మొదటిసారి ఎక్కించాలన్నా, పూర్తిగా ఊడదీయాలన్నా అది చాలదు. పిన్నునే వేళ్లతో పట్టుకుని ట్యూబ్‌కి దూరంగా, అంటే కిందికి, పూర్తిగా లాగి పట్టుకుని స్టాక్ జరపాలి. ఈ సంగతి తెలియక బలవంతం చేస్తే లీవర్ విరుగుతుంది.

పొడవు విషయానికొద్దాం. ఖాళీ రైఫిల్ పట్టుకుని మోచేయి తొంభై డిగ్రీలు వంచి, స్టాక్ వెనక భాగాన్ని మోచేతి మడతలో ఆనించండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ దగ్గరికి వస్తే అది మొదలుపెట్టదగ్గ పొడవు. అక్కడి నుంచి భుజానికి ఎత్తి చూసి ఒక రంధ్రం అటో ఇటో మార్చండి. తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే చార్జింగ్ హ్యాండిల్‌కి ముక్కు తగులుతుంటే పొట్టి, మెడ సాచాల్సి వస్తుంటే పొడుగు. చలికాలం లావుపాటి జాకెట్ వేసుకుంటే ఒక రంధ్రం లోపలికి జరపాల్సి రావచ్చు. స్కోప్ పెట్టేవాళ్లు ముందు స్టాక్ పొడవు తేల్చుకుని, ఆ తర్వాతే స్కోప్‌ని రైలు మీద బిగించాలి. స్టాక్ ఒక రంధ్రం జరిగితే కంటికీ అద్దానికీ మధ్య దూరం కూడా అంతే మారుతుంది.

ఐదడుగుల ఐదంగుళాల మనిషికి పాత ఏ2 ఫిక్స్‌డ్ (పొడవు మారని) స్టాక్ చాలాసార్లు పొడుగవుతుంది. దానికి ముందొచ్చిన ఏ1 స్టాక్ కంటే అది 5/8 అంగుళం ఎక్కువ. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకే రైఫిల్ వాడుకుంటే జరిగే స్టాకే సుఖం.

ఇక చెంప. ఏఆర్-15ని రూపొందించిన యూజీన్ స్టోనర్ ఈ డిజైన్‌లో స్టాక్‌ని బ్యారెల్‌కి సరళరేఖలో పెట్టాడు, అందుకే వెనక్కి తన్నినప్పుడు మూతి అంతగా పైకి లేవదు. దానికి బదులుగా గురి చూసే రేఖ బ్యారెల్ కంటే రెండున్నర అంగుళాలు పైన ఉంటుంది. రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) పెట్టుకునేవాళ్లకి సీటీఆర్ ఎత్తు సరిపోతుంది. పెద్ద అద్దమున్న స్కోప్ ఎత్తైన మౌంట్ మీద పెడితే చాలకపోవచ్చు. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. బొమ్మ నిండుగా కనిపించాలి. అంచున నల్లటి నెలవంక కనిపించి, తల ఎత్తితే పోతోందంటే చెంప కింద ఎత్తు కావాలి. సీటీఆర్‌కి విడిగా చీక్ రైజర్లు (చెంప ఎత్తు పెంచే ముక్కలు) పావు, అర, ముప్పావు అంగుళం ఎత్తుల్లో దొరుకుతాయి. ఏఆర్‌కి పావు అంగుళానిదే తీసుకోండి. అంతకంటే ఎత్తువి, స్టాక్ లోపలికి జరిపి ఉంచినప్పుడు, చార్జింగ్ హ్యాండిల్ వెనక్కి రాకుండా అడ్డుపడతాయి.

పావు అంగుళం చాలకపోతే స్టాకే మార్చాలి. బరువైన బ్యారెల్, బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) పెట్టి బల్ల మీద నుంచి దూరాలు కొట్టేవాళ్లకి సీటీఆర్ సరైనది కాదు. వాళ్లకి మ్యాగ్‌పుల్ పీఆర్ఎస్ లాంటిది కావాలి. అందులో చెంప ఎత్తు, పొడవు రెండూ కొద్దికొద్దిగా తిప్పి సరిచేసుకోవచ్చు. దాని ధర సుమారు 250 డాలర్లు, బరువు 27 ఔన్సుల పైమాటే. సీటీఆర్‌కి మూడింతలు. బల్ల మీద ఆ బరువు మేలు చేస్తుంది, భుజాన వేసుకుని కొండెక్కేటప్పుడు చెయ్యదు.

ఏ2 స్టాక్ మీద మనసుంటే రైఫిల్ పొడవు ట్యూబ్, రైఫిల్ బఫర్, రైఫిల్ స్ప్రింగ్ మూడూ మార్చాలి. బఫర్ అంటే ట్యూబ్ లోపల స్ప్రింగుతో పాటు కదిలే బరువు, కాల్చినప్పుడు వెనక్కొచ్చే బోల్ట్ దాన్ని నెడుతుంది. కార్బైన్ బఫర్ 3 ఔన్సులు, రైఫిల్‌ది సుమారు 5. వీటిని కలగాపులగం చేస్తే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లకపోవచ్చు, లేదా వెళ్లాల్సినదాని కంటే వెనక్కి వెళ్లి లోపల వేరే భాగాన్ని గుద్దవచ్చు.

స్టాక్ ఎంత మంచిదైనా ట్యూబ్ తిరిగిపోతే అంతా వృథా. ట్యూబ్‌ని రైఫిల్ బాడీకి బిగించే కాసిల్ నట్‌కి ఒక వైపు పెద్ద గాట్లు, ఇంకో వైపు చిన్న గాట్లు ఉంటాయి. చిన్న గాట్లు ముందుకి, నట్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎండ్ ప్లేట్ వైపుకి రావాలి. మరలకి కొంచెం గ్రీజు రాసి టార్క్ రెంచ్‌తో 40 ఫుట్-పౌండ్ల దగ్గర బిగించండి. 38 నుంచి 42 వరకు ఫర్వాలేదు. తర్వాత పంచ్ పెట్టి ఎండ్ ప్లేట్ లోహాన్ని చిన్న గాట్లలోకి రెండు చోట్ల దిగగొట్టాలి. ఇది మానేస్తే కాల్చగా కాల్చగా నట్ వదులవుతుంది, ట్యూబ్ తిరుగుతుంది, ట్యూబ్ పెదవి కింద అణిగి ఉండి బఫర్‌ని ఆపాల్సిన రిటైనర్ పిన్ను స్ప్రింగుతో సహా బయటికొచ్చి ట్రిగ్గర్ భాగాల్లో పడుతుంది. లాక్టైట్ (మరలకి పోసే జిగురు) మాత్రమే పోసి వదిలేయడం మాకు నచ్చదు.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకుల కోసం చేసిన నకళ్లు అచ్చం ఇలాగే కనిపిస్తాయి. వాటి లోపలి కొలత, ప్లాస్టిక్ రెండూ వేరు. ధర మరీ తక్కువగా కనిపిస్తే అదే అనుకోండి.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. అమెరికాలో స్టాక్ ఒక్కటీ తుపాకీగా లెక్కకు రాదు, ఇంటికి పార్సెల్ వస్తుంది. తుపాకీగా లెక్కించేది ట్రిగ్గర్ కూర్చునే అడుగు భాగాన్ని, అంటే లోయర్ రిసీవర్‌ని, దాన్ని లైసెన్సున్న డీలర్ దగ్గర తనిఖీ అయ్యాకే తీసుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం తుపాకీ ఉంచుకోవడాన్నే నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, వాటిని లాయర్‌తో తేల్చుకున్నాకే అడుగు వేయాలి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో మ్యాగజైన్ ఊడే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి జరిగే స్టాక్ పెడితే చిక్కు, అక్కడ ఫిక్స్‌డ్ స్టాక్ చూసుకోండి. బ్యారెల్ 16 అంగుళాల కంటే తక్కువైతే స్టాక్ తగిలించగానే అది చట్టం లెక్కలో వేరే కేటగిరీ (పొట్టి బ్యారెల్ రైఫిల్) అవుతుంది, ముందే అనుమతి కావాలి. ఇండియాలో ఆయుధ చట్టం 1959 తుపాకీ విడిభాగాలను కూడా ఆయుధాల్లోనే లెక్కిస్తుంది, అందుకని బంధువుల కోసమని సూట్‌కేసులో స్టాక్ పెట్టుకుని బయల్దేరవద్దు.