దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలా, కాస్త నూనె మిగుల్చుకోవాలా?

పోయిన ఏడాది మే నెలలో ఒక మంగళవారం పొద్దున లేచేసరికి నా పిడికిలి పూర్తిగా ముడుచుకుంది. మంచం మీద చెయ్యి ఆనించి లేస్తే మణికట్టు ఏమీ అనలేదు, బ్రష్ మీదకి పేస్టు ఒంటిచేత్తో నొక్కగలిగాను. తొమ్మిదేళ్లుగా కీళ్లు వాచే జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో ఉంటున్న మనిషికి అలాంటి పొద్దు ఎంత అపురూపమో ఈ జబ్బు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా పూర్తిగా అందదు. ఆ రోజు నేనేం చేశానంటే, వారం నుంచి వాయిదా వేస్తున్న ఆవకాయ పెట్టేశాను. మా ఆయన మార్కెట్లో పాతిక కాయలు ముక్కలు కొట్టించుకొచ్చారు. ఒక్కో ముక్కలో జీడి తీయడం, టెంకకి అంటుకున్న పలచటి పొర గోటితో లాగడం, పొడిగుడ్డతో తుడవడం, ఇదంతా వేళ్ల కొసలతో చేసే పని. పదింటికి కూర్చుంటే ఒంటిగంట దాటింది. ఓపిక ఉంది కదా అని దుప్పట్లు కూడా నానబెట్టి ఉతికాను, సాయంత్రం మా అమ్మాయి పుస్తకాల అలమర సర్దాను. రాత్రి పడుకునేటప్పుడు కూడా నొప్పి లేదు. మళ్లీ మునుపటి మనిషినయ్యానేమో అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

బుధవారం పొద్దున స్టీలు గ్లాసు పట్టుకోలేకపోయాను. వేళ్లు అరచేతిని కలిసే చోట కణుపులు రెండు చేతులకీ ఉబ్బి, మధ్యలో ఉండాల్సిన పల్లాలు పూడిపోయి, చర్మం నున్నగా మెరుస్తోంది. కాఫీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాను. జడ వేసుకోవడం నావల్ల కాలేదు, జాకెట్టు హుక్కులు మా అమ్మాయి పెట్టింది. సోమవారం దాకా అదే వరస. ఒక్క రోజు పనికి ఆరు రోజులు పోయాయి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మా అమ్మమ్మ రోజుకి రెండుసార్లైనా అనేది. మనలో చాలామందిమి ఆ మాట మీదే పెరిగాం. దీర్ఘకాలం నొప్పితో బతికేవాళ్లకి ఆ మాట మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నదే నా ప్రశ్న. ఈ తొమ్మిదేళ్లలో నేను నాలుగు దారులూ నడిచి చూశాను. బాగున్న రోజే అన్నీ చేసేయడం ఒకటి. నొప్పి వచ్చేదాకా చేసి, వచ్చాక ఆపేయడం ఇంకోటి. పూర్తిగా పడుకుని ఉండడం మూడోది. గడియారం చూసుకుని, బాగున్నా బాగోకపోయినా రోజూ దాదాపు అంతే పని చేయడం నాలుగోది.

ముందొక మాట. వీటిలో ఏదీ మందుకి బదులు కాదు. ఇది అరుగుదల కాదు, మన రోగనిరోధక శక్తి మన కీళ్ల మీదకే తిరగబడే జబ్బు, దాన్ని అదుపులో పెట్టేది మెథోట్రెక్సేట్ లాంటి మందులే. నొప్పి మాత్ర నొప్పిని తగ్గిస్తుంది గానీ కీలు పాడవడాన్ని ఆపదు. నాకు మొదట్లో అందరూ "చికున్‌గున్యా నొప్పులేమోలే" అన్నారు. 2006లో ఆ జ్వరం మన వైపు ఊళ్లకి ఊళ్లనే పడగొట్టి, తగ్గాక కూడా చాలామందిని నెలల తరబడి కీళ్లనొప్పులతో కూర్చోబెట్టింది కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ ఆ అనుమానంతోనే నేను ఏడు నెలలు పోగొట్టుకున్నాను, చివరికి ఈ జబ్బుని పట్టిచ్చే యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడింది. పొద్దున లేచాక గంటకి పైగా వేళ్లు బిగుసుకుపోయి ఉంటే, రెండు చేతులకీ ఒకేలా వాపు ఉంటే, దయచేసి ఆగకుండా ఈ కీళ్ల జబ్బులు చూసే డాక్టరు, అంటే రుమటాలజిస్ట్‌ దగ్గరికి వెళ్లండి.

ఇక పడుకోవడం సంగతి త్వరగా చెప్పేస్తాను. వాపు బాగా ఎగదన్నిన ఒకటి రెండు రోజులు ఆ కీలుకి విశ్రాంతి కావాలి, అది నిజం. అంతకు మించి పడుకుంటే కండ తగ్గుతుంది, కండ తగ్గితే కీలు మీద బరువు పెరుగుతుంది, బిగుతు ఇంకా ఎక్కువవుతుంది. జబ్బు తెలిసిన కొత్తలో భయంతో నేను రెండు నెలలు దాదాపు మంచం మీదే ఉన్నాను. తర్వాత మేడ మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది, అదీ మోకాలు నొప్పి వల్ల కాదు, తొడల్లో బలం లేక.

నొప్పి వచ్చేదాకా చేసి ఆపడం వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒళ్లు చెప్పినట్టు వినాలి అంటారు కదా, నేనూ మూడేళ్లు అదే నమ్మాను. చిక్కేమిటంటే ఈ జబ్బులో ఒళ్లు ఆలస్యంగా చెబుతుంది. ఆవకాయ రోజు నాకు రాత్రి దాకా ఏమీ చెప్పలేదు. కబురు వచ్చేసరికి పని ఎప్పుడో హద్దు దాటిపోయి ఉంటుంది. ఇందులో ఇంకో కష్టం కూడా ఉంది, ఇది నాకు చాలా రోజులకి గానీ అర్థం కాలేదు. నొప్పి వస్తేనే కూర్చోవాలి అన్నది నియమమైతే, కూర్చోవడానికి నొప్పే అనుమతి చీటీ అవుతుంది. రోజంతా మనసు కీళ్ల మీదే ఉంటుంది, వచ్చిందా, వస్తోందా అని. ఆ టెన్షన్ నొప్పి కంటే తక్కువేమీ కాదు.

బాగున్న రోజే అన్నీ చేసేయడంలో సుఖం లేదని అనను. ఆ రోజు ఇల్లంతా మెరుస్తుంది, నలుగురూ మెచ్చుకుంటారు, మన మీద మనకి నమ్మకం వస్తుంది. కానీ నేను నోటుబుక్కులో రాసుకుని చూస్తే ఆ నెలలో అలాంటి పెద్ద రోజులు మూడు, వాటి వెనక మంచాన పడ్డ రోజులు పదమూడు. ఇంకో ప్రమాదం ఏమిటంటే, బాగున్న రోజు ఎంతకీ రాకపోతే మనమే దాన్ని తయారు చేసుకుంటాం. అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి ముందు నేను పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి నొప్పి మాత్ర వేసుకుని పని లాగేశాను. మాత్ర నొప్పి నోరు నొక్కింది గానీ లోపల వాపు వాపే, ఆ కీలు మీదే బరువు మోపాను. పైగా ఆ మాత్రలు అలవాటుగా మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీల మీద దెబ్బ.

నాలుగో దారి, గడియారంది, నన్ను నిలబెట్టింది. ఎలా మొదలుపెట్టానంటే, వారం రోజులు ఏ పని ఎంతసేపు చేస్తే మర్నాడు దాని ఫలితం కనబడలేదో రాసుకున్నాను. చేతులతో గట్టిగా పట్టుకునే పనికి నా లెక్క పద్దెనిమిది నిమిషాలు తేలింది. దానికంటే కాస్త తగ్గించి పదిహేను పెట్టుకున్నాను. ఫోన్లో అలారం మోగగానే ఆపేయాలి, పిండి చేతిలో ఉన్నా సరే, నొప్పి లేకపోయినా సరే. తర్వాత పది నిమిషాలు చేతులకి పని లేని పని, బట్టలు ఆరాయో లేదో చూసి రావడం, అమ్మాయికి పాఠం చెప్పడం, ఊరికే మేడ మీద నడవడం. మూడు వారాలకోసారి రెండు నిమిషాలు పెంచుకుంటూ ఇప్పుడు ఇరవై అయిదుకి వచ్చాను. బాగోలేని రోజు కూడా సున్నా చేయను, సగమైనా చేస్తాను.

నేను స్కూల్లో తెలుగు చెబుతాను. పరీక్షలప్పుడు ఒక్కో సెక్షన్‌కి నలభై పేపర్లు, ఇదివరకు ఆదివారం కూర్చుని అన్నీ దిద్దేసేదాన్ని. ఇప్పుడు ఒక్కో విడతకి ఎనిమిది. పెన్నుకి రబ్బరు చుట్టి లావు చేసుకున్నాను, సన్నటి పెన్ను పట్టుకోవాలంటే వేళ్లు ఎక్కువ బిగించాలి. పేపర్ల సంచి వేళ్లకి తగిలించుకోను, భుజానికి వేసుకుంటాను. గిన్నె దించేటప్పుడు పట్కారు ఒక చేత్తో కాదు, మందపాటి గుడ్డతో రెండు చేతులా. తడిగుడ్డ మెలితిప్పి పిండడం మానేశాను, కుళాయికి చుట్టి రెండు కొసలూ కలిపి లాగితే నీళ్లు కారిపోతాయి. చిన్న కీళ్ల పని పెద్ద కీళ్లకి అప్పగించడమే ఇదంతా. పొద్దున ఆరింటికి నా వేళ్లు ఎలాగూ పనికి రావు కాబట్టి కూరలు ముందు రోజు సాయంత్రమే తరిగి పెట్టుకుంటాను, లేవగానే వేణ్నీళ్లలో చేతులు పెట్టి మెల్లగా పిడికిలి ముడుస్తూ విప్పుతూ ఉంటాను. (వేడా ఐసా అని చాలామంది అడుగుతారు. నాకైతే బిగుతుకి వేడి, ఎర్రగా ఉబ్బి వేడెక్కిన కీలుకి గుడ్డలో చుట్టిన ఐసు.)

మందు రోజుని కూడా లెక్కలో వేసుకోవాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకునే మాత్ర, పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదకి వస్తుంది, అందుకే మా ఇంట్లో అది వేరే డబ్బాలో, మీద వారం పేరు రాసి ఉంటుంది. వేసుకున్న మర్నాడు నాకు తల దిమ్ముగా, వికారంగా ఉంటుంది. ఇదివరకు ఆదివారం రాత్రి వేసుకుని సోమవారం స్కూల్లో కళ్లు మూతలు పడుతుంటే పాఠం చెప్పేదాన్ని. డాక్టరు గారిని అడిగి శనివారం రాత్రికి మార్చుకున్నాను, ఆదివారం సగం రోజే అని ఇంట్లో అందరికీ చెప్పాను.

దీని ఖరీదు దాచను. సగంలో లేచిపోయే మనిషిని ఎవరూ అర్థం చేసుకోరు. మొదట్లో మా అత్తయ్య "ఏమ్మా, ఆరు చపాతీలు చేసి కూర్చున్నావు, ఒంట్లో బాగోలేదా?" అంటే, "బాగానే ఉంది అత్తయ్యా, టైమైంది" అన్నాను. ఆవిడకి అది బద్ధకంగా కనబడింది. ఆవిడవి మోకాళ్ల అరుగుదల నొప్పులు, లేవగానే పది నిమిషాలు పట్టేసి నడిస్తే సర్దుకుంటాయి, కాబట్టి "పని చేస్తేనే పోతాయి" అన్నది ఆవిడ అనుభవం. నా ఉబ్బిన చేతిని ఆవిడ చేతిలో పెట్టి ఆ వేడి చూపించిన రోజు నుంచి ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అలారం మోగితే మిగతా చపాతీలు ఆవిడే ఒత్తుతారు.

ఈ దారి అందరికీ దొరకదు, అది నన్ను బాధపెడుతుంది. మా ఇంట్లో పని చేసే ఆవిడకీ కీళ్లనొప్పులే, పొద్దున్నుంచి నాలుగిళ్లు. ఆవిడకి గడియారం చూసుకోమని ఏ నోటితో చెప్పను? కర్ర ఉన్న మాప్ కొన్నాను, గిన్నెలు తోమాక టీ తాగి కాసేపు కూర్చుని అప్పుడు తుడవమన్నాను, నాలుగిళ్లలో ఒక్క ఇంట్లోనైనా ఆవిడ చేతులకి మధ్యలో ఆటవిడుపు ఉంటుంది.

పెళ్లి, పండగ, ఊరి ప్రయాణం, ఇలాంటివి గడియారానికి ఒదగవు. అప్పుడు నేనూ దీపం ఉండగానే చక్కబెట్టుకుంటాను, కాకపోతే ముందు రెండు రోజులూ వెనక రెండు రోజులూ ఖాళీగా ఉంచి, ఏది నా చేత్తోనే చేయాలో ఏది చేయించుకోవచ్చో విడదీసుకుని. మిగతా ఏడాదంతా మాత్రం గడియారమే మేలు. నాలుగిటినీ పక్కపక్కన పెట్టి చూశాకే ఈ మాట అంటున్నాను. పోయిన నెల నోటుబుక్కులో మంచాన పడ్డ రోజులు మూడే.

ఈసారి ఆవకాయ పాతిక కాయలు ఒకేసారి తేవద్దని మా ఆయనకి చెప్పాను. కొట్టించిన ముక్క రెండో రోజుకి ఆగదు కాబట్టి పనిని కాదు, కాయల్నే విడదీశాం. ఆవపిండి, కారం, ఉప్పు ముందే సిద్ధం చేసి పెట్టుకుని, ఎనిమిది కాయలు మొన్న పెట్టాం. ముక్కలు అత్తయ్య, అమ్మాయి తుడిచారు, పాళ్లు నేను కొలిచాను, కలిపింది మా ఆయన. మర్నాడు పొద్దున నా జడ నేనే వేసుకున్నాను. రెండో విడత కాయలు వచ్చే గురువారం వస్తాయి.